పెరట్లో లాగిన పంచె

కనెక్టికట్, అమెరికా

అన్నయ్యకీ, వదినకీ సుందరి నమస్కారాలు. ఇక్కడ మేం ముగ్గురం బాగున్నాం. నిజంగానే బాగున్నాం, కంగారు పడకండి. మీరంతా ఎలా ఉన్నారు? వదిన నడుం నొప్పి తగ్గిందా? నువ్వు బీపీ మాత్రలు వేళకి వేసుకుంటున్నావా, లేక ఎప్పటిలాగే మరిచిపోతున్నావా?

కంగారు పడకండని ముందే ఎందుకు రాశానంటే, మే నెలాఖరులో మా చిన్నది సుధకి ఒంట్లో బాగుండలేదు. ఇప్పుడు పూర్తిగా తగ్గింది. తగ్గాకే రాద్దామని ఆగాను.

మా పెరటి వెనక అడవిలోంచి జింకలు వస్తాయని ఫోటో పంపాను, గుర్తుందా? సుధ వాటికి యాపిల్ ముక్కలు వేసేది. నేనూ మురిసిపోయి చూసేదాన్ని. వాటి వెంట పిడుదులు కూడా వస్తాయని మాకేం తెలుసు! మన గేదెల చెవుల్లో పట్టే పిడుదుల జాతే, ఇక్కడ టిక్ అంటారు, కానీ ఇవి గసగసాల గింజంత ఉంటాయి. కరిచినట్టు కూడా తెలియదు. ఒక ఆదివారం సుధకి తలంటి పోస్తుంటే మోకాలి వెనక గాజంత ఎర్రటి చుట్టు కనిపించింది. ఒళ్ళు కూడా వెచ్చగా ఉంది. తామరేమో అనుకుంటూ పక్కింటి మార్తాకి చూపిస్తే ఆవిడ ముఖం పాలిపోయింది.

"ఇవాళే డాక్టర్‌కి చూపించు. నేను ఊరుకుని, మోకాళ్ళు వాచి ఏడాది మంచానపడ్డాను" అంది.

పిడుదు కాటుతో వచ్చే దీన్ని లైమ్ జబ్బు అంటారట. డాక్టరు మందిచ్చాడు. ఆ ఎర్ర చుట్టు పోయింది, జ్వరమూ పోయింది. రోజూ మోకాళ్ళు తడిమి చూస్తున్నాను, ఏ వాపూ లేదు.

పిల్లకి తగ్గింది కానీ మీ బావగారికి భయం పట్టుకుంది. పెరటి తలుపుకి తాళం వేసేశారు. "ఈ ఇల్లు అమ్మేసి అపార్ట్‌మెంట్‌కి మూవ్ అయిపోదాం. నాకీ టెన్షన్ వద్దు" అన్నారు. అందుకూ సర్దుకుపోయేదాన్నేమో. కానీ ఒకరోజు సుధ స్కూలు బస్సు దిగి, వాకిట్లో ఉన్న రెండడుగుల గడ్డి దాటలేక నిలబడిపోయింది.

"అమ్మా, గ్రాస్ నన్ను బైట్ చేస్తుందా?" అంది.

అన్నయ్యా, నాకు ఏడుపొచ్చింది. ఆరేళ్ళ పిల్ల గడ్డికి భయపడితే ఇక ఎక్కడ ఆడుకుంటుంది? ఏడుపయ్యాక కోపమొచ్చింది. నా కోపం సంగతి నీకు కొత్త కాదు. నడుం బిగించి మార్తా చెప్పినవన్నీ చేశాను. కుళ్ళిన ఆకులు ఊడ్చి సంచులకెత్తాను. గడ్డి పొట్టిగా కోయించాను. పిడుదుల్ని మోసుకొచ్చే ఎలుకలు చేరే కట్టెల పేర్పుని ఇంటికి దూరంగా జరిపించి, ఊయలని చెట్ల నీడలోంచి ఎండలోకి తెచ్చాం. అడవికీ గడ్డికీ మధ్య చెక్క పేళ్ళు బాటలా పరిచాం. పొడి చోటు పిడుదులు దాటవట. యాపిల్ ముక్కలు మానేశాను. జింకలు వచ్చి కాసేపు నిలబడి వెళ్ళిపోతున్నాయి. పాపం అనిపిస్తుంది, అయినా వేయను.

పిడుదులు తగ్గాయో లేదో తెలియాలంటే తెల్లగుడ్డ గడ్డి మీద లాగాలట. ఏదో జంతువు పోతోందనుకుని దాన్ని పట్టుకుంటాయి. మా ఇంట్లో దుప్పట్లన్నీ పూలవే. పెట్టెలో నువ్వు పెళ్ళిలో మీ బావగారికి పెట్టిన పంచె కనిపించింది.

"మీ అన్నయ్య పెట్టిన పంచెతో పురుగులు పడతావా?" అన్నారాయన.

"ఇన్నేళ్ళలో ఒక్కసారైనా కట్టారా?" అన్నాను.

మొదటిసారి లాగితే ఒళ్ళు జలదరించేటన్ని అంటుకున్నాయి. టేపుతో ఏరి పారేశాను. ఎర్రంచు మీద పడ్డవి కనిపించక చచ్చాను. వారం వారం లాగాను, తగ్గుతూ వచ్చాయి. సుధ కిటికీలోంచి చూసేది. మొన్న నీ ఫోటో చూసి, "మావయ్య టిక్ క్లాత్ ఎందుకు కట్టుకున్నాడు?" అని అడిగింది. మీ బావగారు పడీ పడీ నవ్వారు. ఆయన నవ్వు విని ఎన్నాళ్ళయిందో!

పోయిన ఆదివారం ఆయనే తాళం తీసి పంచె ఒక కొస పట్టుకున్నారు. పెరడంతా లాగి గుమ్మం ముందు పరిచాం. సుధ మెట్టు మీదే వంగి అంచు మడతలతో సహా వెతికింది.

"నాన్నా, ఒక్కటి కూడా లేదు!" అంది. అయినా కాలు కింద పెట్టలేదు.

"నా వెనకే రా. నేను నడిచిన చోటే నడువు" అన్నారు. ఊయల దాకా ఇద్దరూ నడిచారు, ఆయన ముందు, అది ఆయన చొక్కా పట్టుకుని వెనక.

పిడుదులు పూర్తిగా పోయాయని ఎవరూ చెప్పలేరు. మేజోళ్ళలోకి పాంటు దోపడం, ఇంట్లోకి రాగానే ఒళ్ళంతా వెతకడం మానం. కానీ ఇల్లు అమ్మే మాట ఆయన ఎత్తడం లేదు.

ఎవరైనా ఇటు వస్తుంటే గుప్పెడు గోంగూర విత్తనాలూ, ఒక పంచే పంపు. ఈసారి అంచు లేనిది. పెద్దమ్మకి మా నమస్కారాలు చెప్పు. సుధని మీరిద్దరూ మనసారా దీవించండి.

ఇంకా రాద్దామనుకున్నాను కానీ, ఇప్పుడే పెరటి తలుపు దభీమని కొట్టుకుంది. సుధ పరుగెత్తింది. మేజోళ్ళు వేసుకుంది, నన్ను మాత్రం అడగలేదు. కిందకి చూసుకోకుండా గడ్డిలోంచే పోతోంది. నేను వెనక్కి పిలవలేదు.

నీ చెల్లెలు,
సుందరి