మూడువందల నలభయ్యో బాణం

చిన్నబ్బాయికి అమ్మ దీవెనలు. నేను, నీ కూతురు ఇక్కడ బాగానే ఉన్నాం, అలసట తప్ప.

దాని పని ఇన్నాళ్లకు నాకు అర్థమైంది. మన ఒంటి కణంలో ఏ పదార్థం దేన్ని ఆపుతుందో, దేన్ని కదిలిస్తుందో బాణాలుగా గీసి కంప్యూటరుకు ఎక్కిస్తే, ఏ మందు పనిచేస్తుందో అది లెక్కగట్టి చెబుతుంది. మొత్తం ఆరువందల పన్నెండు బాణాలు. ఆదివారం నేను పాత పరిశోధన పత్రాలు చదివి వినిపిస్తుంటే నీ కూతురు తెర మీద సరిచూసుకుంది. మూడువందల నలభయ్యో బాణం దగ్గర "ఆపుతుంది" అని చదివాను.

"కదిలిస్తుంది నానమ్మా, సరిగ్గా చూడు."

"నా కళ్లజోడు కొత్తదే. నువ్వే చూడు."

చూసింది. ఎక్కించడంలో తప్పు దానిదే. ఆ బాణాన్ని నమ్ముకునే వాళ్ల ఆఫీసులో రెండేళ్లుగా ఒక మందు మీద పనిచేస్తున్నారు. సరిచేసి మళ్లీ లెక్కగట్టిస్తే పనిచేసే మందుల జాబితాలో అది లేనే లేదు.

"చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?" అంది.

"మింగేవాళ్లకి తెలుస్తుందే" అన్నాను.

సోమవారం తనే వెళ్లి పైఅధికారికి చెప్పింది. పని మళ్లీ మొదటికి వచ్చింది.

ఇంకా రెండువందల డెబ్భై రెండు చదవాలి కనుక నా టికెట్టు వచ్చే నెలకు మార్పించు. బీపీ మాత్రలు పంపు. మేడ మీద ట్యాంకు కడిగించావా? కూతురు మందు కనిపెట్టిందని చుట్టాలకు చెప్పడం ఇక ఆపు. ఫోనులో దానితో ఆ మాట ఎత్తకు, తిన్నావా అని మాత్రం అడుగు. నేనడిగితే తిన్నానంటోంది గాని, కంచాలు కడిగేది నేనే.

కోడలికి ఆశీస్సులు.

అమ్మ