బియ్యం డబ్బాలో చాక్లెట్ గుడ్డు

మల్కాపురం
ఈస్టర్ వెళ్ళిన మంగళవారం

కరుణక్కకి, బావకి చెల్లెలు సుగుణ వందనాలు.

ఇక్కడ పొద్దున్న తొమ్మిదికే ఎండ మండిపోతోంది. సముద్రం ఇంత దగ్గర ఉన్నా గాలి లేదు. వచ్చే కాస్త గాలీ పోర్టు వైపు నుంచి రావడంతో దండెం మీద బట్టలు ఆరేలోపే బొగ్గుపొడి పడుతోంది. దులిపి లోపల వేసుకుంటున్నాను. ఈరోజు మార్టులో మధ్యాహ్నం దాకా మినపప్పు, పెసరపప్పు తూచి ప్యాకెట్లు కట్టాను. తర్వాత ఈస్టర్ చాక్లెట్ల అర ఖాళీ చేసి అక్కడ జ్యూసు సీసాలు సర్దమన్నారు. మిగిలిపోయిన చాక్లెట్ గుడ్లు అట్టపెట్టెలో వేసి వెనక్కి పంపే పని నా చేతికే వచ్చింది.

నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? నేను పంపిన తైలం రాస్తున్నావా, లేక గూట్లో పెట్టావా? జీడితోట పూత బాగుందని క్రిస్మస్‌కి వచ్చినప్పుడు బావ అన్నాడు. పిక్క నిలిచిందా? ఇక్కడ మేమంతా బాగున్నాం. నీ మరిదికి పోర్టులో లారీల దగ్గర టాలీ రాసే పని ఎప్పటిలాగే నడుస్తోంది. ఈ వారం పొద్దుటి షిఫ్టు. బ్లెస్సీకి పరీక్షలు దగ్గర పడ్డాయి. అభికి పై పన్ను ఊడింది. నువ్వేమీ బెంగపడకు, బాగున్నాం.

ఫోనుండగా ఉత్తరం ఎందుకని నువ్వు అనుకుంటావు. ఒకటే గదీ వంటిల్లూ. ఫోన్‌లో ఏం మాట్లాడినా నీ మరిదికీ పిల్లలకీ వినిపిస్తుంది. పైగా నేను చెప్పడం మొదలుపెట్టగానే నువ్వు పోన్లేవే అంటావు. ఆ మాట నాకు వద్దు. అందుకని రాస్తున్నాను.

మా అత్త సంగతి. శనివారం నీకు ఫోన్ చేసి, పండగకి కూతురు శాంత దగ్గర ఉండాలనిపించి అత్త మీ ఊరు వచ్చిందని, నేను డ్యూటీకి వెళ్ళాక బయల్దేరిందని చెప్పాను. నీ మరిదికీ అదే చెప్పాను. ఆయన నమ్మాడు. అసలు జరిగింది వేరు.

క్రిస్మస్ తర్వాత నేను మార్టులో చేరినప్పటి నుంచి ఇంట్లో వంట అత్తదే. కంటికి శుక్లం వచ్చి సరిగ్గా కనబడకపోయినా చేత్తో తడిమి అన్నీ చేసేస్తుంది. శనివారం శనివారం మా ఇంటి సరుకులు కొనడానికి తనే మార్టుకి వచ్చేది. చేతిలో జాబితా ఏమీ ఉండదు, అన్నీ నోటికే. కందిపప్పు, చింతపండు, బట్టల సబ్బు, నా కోసం పసుపు. అవి తీసుకున్నాక తలుపు దగ్గర స్టూలు మీద ఏసీ గాలికి కాసేపు కూర్చునేది. ఈస్టర్ ముందరి శ్రమదినాలు మొదలైన వారం నుంచి ఆమె ఎదురుగానే చాక్లెట్ గుడ్ల అర పెట్టారు. బంగారు రంగు కాగితం చుట్టి వరసగా ఉంటే దగ్గరికి వెళ్ళి ఒకటి చేత్తో పట్టుకు చూసింది.

"ఏటే ఇది? కోడి పెట్టిందా, కంపినీ పెట్టిందా?" అంది.

పక్క కౌంటర్ల వాళ్ళందరూ నవ్వారు. "నీకు పనికిరాదులే అత్తా, పంచదార" అన్నాను.

"తెలుసునే. మీకు సెమదినాలు నలభై రోజులే. సుగరున్నోల్లకి ఏడాదంతా సెమదినాలే. ఈస్టరునాడైనా ఓ ముక్క పెడతావా?"

పెడతానన్నాను. డాక్టరు కూడా పండగపూట చిన్న ముక్కకి ఏమీ కాదన్నాడు. ఆ రోజు నుంచి ఆమె, ఇద్దరు పిల్లలూ కలిసి ఈస్టర్‌కి ఏమేం తినాలో చెప్పుకోవడమే. ముందు సేమియా పాయసం, తర్వాత బేకరీ కేకు, ఆఖర్న గుడ్డు. అభి ప్రతి రాత్రీ అన్నం దగ్గర "ఇంకా ఎన్ని రోజులు నానమ్మా?" అని అడిగేవాడు. ఆమె వేళ్ళు మడిచి లెక్క చెప్పేది. నేను ఆ అరలో గుడ్లు సర్దేదాన్నే గాని, దాని కోసం అంతగా ఎదురుచూసేవాళ్ళు మా ఇంట్లో ఉంటారని అనుకోలేదు.

ఈస్టర్‌కి వారం ముందొచ్చే మట్టలాదివారానికి క్రితంరోజు ఒక గుడ్డుకి పెట్టె నలిగిందని స్టాఫ్‌కి తగ్గించి ఇచ్చారు. తెచ్చాను. ఎక్కడ దాచాలో తెలియలేదు. ఫ్రిజ్ అయితే పిల్లలు పూటకి పదిసార్లు తీస్తారు. అటక మీద పెడితే రేకు వేడికి కరిగిపోతుంది. చివరికి పిడికెడు బియ్యం డబ్బా గుర్తొచ్చింది. అమ్మ చేసినట్టే మా ఇంట్లోనూ ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు బియ్యం తీసి పాత పాలపొడి డబ్బాలో వేస్తాం. నెలాఖరు ఆదివారం గుడి స్త్రీల సమాజం వాళ్ళు వచ్చి పట్టుకెళ్తారు. అది దేవుడి డబ్బా అని పిల్లలు ముట్టుకోరు. నా పాత చున్నీ తెల్లముక్కలో గుడ్డుని మూటకట్టి బియ్యం అడుగున పెట్టాను. బియ్యంలో చల్లగా ఉంటుంది, చీమ పట్టదు. నెలాఖరుకి ఇంకా రెండు వారాలుంది. ఎవరికీ చెప్పలేదు.

ఆ వచ్చే బుధవారం సాయంత్రం, కరిగిందేమో చూద్దామని డబ్బాలో చెయ్యి పెట్టాను. బియ్యం ఉన్నాయి, మూట లేదు. పళ్ళెంలో గుమ్మరించి చూశాను. లేదు.

పిల్లలు కాదని నాకు తెలుసు. వాళ్ళు తింటే మూతి చూస్తే తెలిసిపోతుంది. మిగిలింది అత్త. డబ్బాలో రోజూ చెయ్యి పెట్టేది ఆమే. మొన్న క్రిస్మస్‌కి కేకు ముక్క కొంగులో దాచి తిని, మర్నాడు కళ్ళు తిరిగి పడిపోయిన సంగతి నీకు తెలుసు కదా. అదే నా బుర్రలో తిరిగింది. ఆ రోజు మార్టులో నిలబడి నిలబడి కాళ్ళు లాగేస్తున్నాయి కూడా. అది సాకు కాదు, ఊరికే రాస్తున్నాను.

ఆమె పిల్లలకి అన్నం పెడుతోంది. "డబ్బాలో గుడ్డు ఏమైంది అత్తా?" అన్నాను.

"ఏ గుడ్డే?"

"చాక్లెట్ గుడ్డు. బియ్యంలో పెట్టాను."

"నాను సూడనేదమ్మా. బియ్యంలో గుడ్డెవులు పెడతారే?"

"నేను పెట్టాను. ఇప్పుడు లేదు. ఈస్టర్ దాకా ఆగలేకపోయావా?"

"నాను ముట్టనేదమ్మా."

అప్పుడు నేను అన్నాను, "శ్రమదినాల్లో అబద్ధం కూడానా అత్తా. నువ్వు పోగొట్టుకున్నది చాక్లెట్ కాదు, మర్యాద" అని. పిల్లలు అన్నం ముందు కూర్చునే ఉన్నారు. బ్లెస్సీ నానమ్మ వైపు చూసింది. ఆమె గరిటె గిన్నెలో పెట్టి, చెయ్యి కడుక్కుని, వెళ్ళి గుమ్మంలో కూర్చుంది.

అక్కా, క్రిస్మస్ కేకప్పుడు అడగ్గానే "తిన్నాను, ఏటి సేత్తావు?" అని నవ్వుతూ ఒప్పుకున్న మనిషి ఆమె. ఒప్పుకునే మనిషి ఎందుకు అబద్ధమాడుతుందని ఆ బుధవారం నాకు తోచలేదు.

గురువారం ఆమె తన పని తను చేసుకుంది. వంట చేసింది, పిడికెడు తీసి డబ్బాలో వేసింది. నేను చూస్తుండగా మూత గట్టిగా నొక్కింది. మంచి శుక్రవారం గుడిలో మూడు గంటలు నా పక్కనే కూర్చుంది. క్షమించమనే మాట మీద పాస్టరుగారు చాలాసేపు చెప్పారు. ఆమె నన్ను క్షమాపణ అడుగుతుందేమోనని నేను ఎదురుచూశాను. చూడు నా బుద్ధి.

శనివారం ఆమె వెళ్ళిపోయింది. ఈస్టర్‌కి ముందు వెళ్ళడమంటే ఏమిటో నీకు తెలుసు. మా మామయ్య సమాధి ఇక్కడే ఉంది. ఆయన పోయాక ప్రతి ఈస్టర్ తెల్లవారుజామునా తనే సున్నం వేసిన సమాధి మీద బంతిపూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగించేది. ఈసారి సున్నం కూడా శుక్రవారం సాయంత్రమే తనే వేసొచ్చిందట. ఆదివారం వెళ్ళి చూస్తే తెల్లగా ఉంది. కొవ్వొత్తులు నేనూ నీ మరిదీ వెలిగించాం. "అమ్మ లేకుండా ఇదే మొదటిసారి" అన్నాడు. నేను పిల్లల చెప్పులు వెతుకుతున్నట్టు వంగాను.

ఆరాధన అయ్యాక గుడి వెనక ప్రేమవిందు. ఇళ్ళలో సేకరించిన పిడికెడు బియ్యమే ఈసారి విందుకి వండారు. అందుకని సమాజం వాళ్ళు నెలాఖరు దాకా ఆగకుండా మట్టలాదివారం మధ్యాహ్నమే వచ్చి పట్టుకెళ్ళారట. ఆ సమయంలో నేను డ్యూటీలో ఉన్నాను. ఇది నాకు ఎలా తెలిసిందంటే, అందరం పళ్ళేలు పట్టుకుని వరసలో ఉండగా పాస్టరమ్మగారు ఒక తెల్లమూట పైకెత్తి చూపించారు.

"ఇదెవరిదమ్మా? గోనె గుమ్మరిస్తే బియ్యంలో పడింది. మొక్కుబడేమో అని విప్పితే చాక్లెట్ గుడ్డు."

అందరూ నవ్వారు. గుడ్డు ఒక పక్క అణిగి సొట్టపోయింది. కాగితం మాత్రం చిరగలేదు.

అత్తకి కన్ను ఆనదు. డబ్బా బోర్లించి గోనెలో పోసేసింది. ఖాళీ డబ్బా వెనక్కి పెట్టకూడదని మళ్ళీ నాలుగు పిడికిళ్ళు వేసి మూత పెట్టింది. డబ్బాలో బియ్యం అడుక్కి దిగాయని బుధవారం నేను గమనించనేలేదు. అంతే జరిగింది. ఆమె చెయ్యాల్సిన పని ఆమె చేసింది.

బ్లెస్సీ నా కొంగు లాగింది. "అమ్మా, ఆ గుడ్డ నీ చున్నీదే కదా."

"ఊరుకో" అన్నాను.

"మరి నానమ్మ తినేసిందన్నావు."

నాదేనని పాస్టరమ్మగారి దగ్గరికి వెళ్ళి ఉండొచ్చు, పది అడుగుల దూరం. వెళ్ళలేదు. వెళితే బియ్యంలో ఎందుకు పెట్టావని అడుగుతారు, మీ అత్తగారు ఏరని అడుగుతారు. ఎవరూ ముందుకు రాకపోయేసరికి ఆవిడ పచ్చడి రోలులో ఆ గుడ్డుని రెండు దెబ్బలు కొట్టి పిల్లలందరికీ తలా కొంచెం పంచారు. అభి అక్కడే నోట్లో వేసుకున్నాడు. బ్లెస్సీ తన ముక్క కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుంది. ఇంటికొచ్చి ఫ్రిజ్‌లో గుడ్లు పెట్టే గుంటలో పెట్టింది. ఇప్పటికీ అక్కడే ఉంది. ఎవరికని నేను అడగలేదు. ఆ రోజు పాయసం కాచాను. ఎవరికీ రెండోసారి వడ్డించే పని పడలేదు.

సోమవారం నీ మరిది ఫోన్ చేస్తే ఆమె "బాగున్నాను, శాంతని సూడాలనిపించింది" అంది. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు. చెప్పి ఉంటే ఆయన నన్ను అడిగేవాడు, నేను చెప్పేసేదాన్ని. ఆమె నన్ను కాపాడుతోందో, లేక నాతో పని లేదనుకుంటోందో తెలియడం లేదు. ఈ నాలుగు రోజులుగా పొయ్యి దగ్గర పిడికెడు నేనే తీస్తున్నాను. డబ్బా మూత తీయాలంటే చెయ్యి ఆగుతోంది.

ఇప్పుడు నీకు చెప్పే పని ఒకటుంది. అత్త తన సాయంత్రం బిళ్ళలు ఇక్కడే వదిలేసి వెళ్ళింది. ఈ ఉత్తరంతో పాటు ఆ మందుల సంచీ మన ఊరి సన్యాసిరావు బావ చేతికి ఇస్తున్నాను. బుధవారం సెలవు మీద వస్తున్నాడు. నువ్వు స్వయంగా శాంత వదిన ఇంటికి వెళ్ళి ఇవ్వు. అన్నం తిన్నాక వేసుకోవాలి, ముందు కాదు. ఆమె ముఖం ఎలా ఉందో చూడు. ఎప్పుడొచ్చావని అడుగు, ఎందుకొచ్చావని అడగకు. నా తరఫున ఏమీ చెప్పొద్దు, నా మాట నేనే చెప్పుకోవాలి. ఆదివారం సెలవు అడిగాను, ఇచ్చారు. పొద్దున్న బస్సుకి పిల్లల్ని తీసుకుని వస్తాను. ఆరోజు రాత్రికి నీ మరిదికి కూడా అంతా చెబుతాను. పిల్లల ముందు అన్నమాట పిల్లల ముందే వెనక్కి తీసుకోవాలి కదా. ఆమె నాతో తిరిగి రాకపోయినా సరే. ఆ ముక్క కరగకుండా తేవాలంటే ఏం చెయ్యాలో బ్లెస్సీ ఇప్పటినుంచే అడుగుతోంది.

ఈసారి బెల్లం పంపకు. ఇంట్లో తీపి మీద ఎవరికీ మనసు లేదు.

బావని ఎండలో తోటకి వెళ్ళొద్దని చెప్పు. చిన్నాన్నకీ పిన్నికీ మా నలుగురి వందనాలు అందించు. నలుగురి అని పొరపాటున రాశాను, ఐదుగురి అని దిద్దుకో. ప్రార్థనలో నా పేరు చెప్పు, కారణం చెప్పక్కర్లేదు.

నీ చెల్లెలు
సుగుణ

ఇంకో మాట. ఫోన్‌లో నీకు చెప్పింది తప్పు. నా డ్యూటీ తొమ్మిదికి. నీ మరిది రాత్రి షిఫ్టు దిగి రాకముందే, పిల్లలు లేవకముందే, అత్త శనివారం పొద్దున్న ఏడుంబావుకి వెళ్ళింది. అప్పుడు నేను వంటింట్లోనే ఉన్నాను.