గుండె చుట్టూ నీరు

అమ్మకు, నీ పెద్దది నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేం కులాసా. నీ అల్లుడి దగ్గు తగ్గింది, గురక మాత్రం తగ్గలేదు. నీ మోకాలికి వేడి కాపడం మానకు.

"పిల్లల గుండెలు బాగుచేసేదానివి, జబ్బులకు పేర్లు పెట్టే మీటింగుల్లో నీకేం పనే?" అని అడిగావు. గుండె చుట్టూ పలచటి సంచి ఉంటుందమ్మా. ఆపరేషనయ్యాక ఒక్కోసారి అందులో నీరు చేరుతుంది. అది ఏ రకమో చెప్పడానికి ఆసుపత్రికొక లెక్క. మా దగ్గర ఒకటో రకమంటే రోజూ స్కాన్ తీసి చూడాల్సింది. మిగతా చోట్ల ఒకటో రకమంటే నెలకోసారి చూస్తే చాలు. అందరికీ ఒకే లెక్క పెడదామని పిల్లల సర్జన్లమంతా కూర్చున్నాం. "మీదే తలకిందుల లెక్క, మార్చుకోండి" అన్నారు మిగతావాళ్ళు. నేను ఒప్పుకుంటానా? నా సంగతి నీకు తెలుసుగా, పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. రెండు మీటింగులు అలాగే చెడగొట్టాను.

ఈలోగా ఒక బుడతణ్ణి, మా నర్సులు బుడంకాయ అంటారు వాణ్ణి, "ఒకటో రకం" అని రాసి వాళ్ళ ఊరి ఆసుపత్రికి పంపాను. అక్కడి డాక్టరు వాళ్ళ లెక్కన నెలాగి రమ్మన్నాడు. వారం తిరక్కుండానే పెదాలు నీలమై, ఊపిరాడక మా దగ్గరికే వచ్చాడు. సూదితో నీరు తీశాం. గండం గడిచింది.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. ఆ రోజు వాళ్ళమ్మ నా చేతులు పట్టుకుంది. "నాదే తప్పు డాక్టరమ్మా. ఏడుస్తున్నాడని చంకనేసుకు తిప్పాను. ఎత్తుకున్నందుకే ఇలా అయింది కదూ?" అంది.

కాదని అనలేదమ్మా నేను. "ఇప్పుడు బాగున్నాడుగా" అని తప్పించుకున్నాను. అప్పటినుంచీ వాడు చేతులు చాస్తే "వద్దు నాన్నా" అంటూ మంచం పక్కన ముడుచుకు కూర్చుంటోంది. రౌండ్సుకు వెళ్ళినప్పుడల్లా చూస్తున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. అయినా నిజం చెప్పలేకపోతున్నాను. నువ్విక్కడుంటే చెవి మెలిపెట్టి పంపేదానివి. పంపావనే అనుకుని వెళ్తున్నాను.

వెళ్ళొచ్చాను. మా లెక్క మార్చుకుంటున్నామని ముందు మీటింగువాళ్ళకు ఫోన్ చేశాను. తర్వాత ఆమె పక్కన కూర్చుని, "తప్పు నీది కాదమ్మా, నాది" అని అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే పడాల్సిందే కదా. ఆమె మంచం మీదున్న వాడివైపు తిరిగింది.

"అయితే వీణ్ణి ఎత్తుకోవచ్చా?" అంది.

ఇట్లు,
నీ మొండి పెద్దకూతురు