విశ్రాంతి దినాన నిచ్చెన ఎక్కాను

మా ఇంటి పిడుగుకి,

నాన్న దీవెనలు. కవరు మీద నా దస్తూరీ చూసి గుండె గుభేలుమని ఉంటుంది. కంగారు పడకు, ఎవరికీ ఏమీ కాలేదు. దేవుని దయవల్ల నేనూ, మీ అమ్మా, తమ్ముడూ, మన వీధి కుక్కతో సహా అందరం కులాసా. నువ్వూ, నీ ఫైర్ స్టేషన్‌లో వాళ్ళందరూ కూడా అలాగే ఉన్నారని తలుస్తాను. రెండేళ్ళుగా ఉత్తరాలన్నీ మీ అమ్మే రాస్తోంది. చివర్లో "నాన్న నిన్ను అడిగానని చెప్పమన్నారు" అని తనే చేరుస్తోంది. నేను చెప్పమన్నదీ లేదు, చెప్పొద్దన్నదీ లేదు. ఈరోజు ఆదివారం. పొద్దున్నే వర్క్‌షాప్ తీసి, చెక్క పొట్టు దులిపి, పని బల్ల మీదే కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే తప్పు బల్లది.

నీ కిందటి ఉత్తరం నా ఎదురుగానే ఉంది. అడిగినవాటికి వరసగా చెప్తాను. మోకాలు అలాగే ఉంది. మందు రాసినంతసేపు ఊరుకుంటుంది, రాయకపోతే మళ్ళీ మొదలెడుతుంది. తమ్ముడు లెక్కల్లో గట్టెక్కాడు, ఎలా గట్టెక్కాడో వాడికీ అంతుబట్టడం లేదు. మీ అమ్మకి కొత్త కళ్ళజోడు వచ్చింది. అయినా అన్నంలో రాయి తనకంటే ముందు నాకే దొరుకుతోందని ఒప్పుకోదు.

ఇక నీ నాలుగో ప్రశ్న. "జాతీయ దినం నాడు నాకు పతకం ఇస్తారట నాన్నా. ఈసారి అది శనివారం పడింది. విశ్రాంతి దినాన యూనిఫాం వేసుకుని కవాతులో నిలబడాలి. వెళ్ళనా, మానెయ్యనా? మీరు వద్దంటే మానేస్తాను" అని రాశావు. "నాన్న సంతోషంగా వెళ్ళమన్నారు" అని నీకు జవాబు అందింది. నువ్వు వెళ్ళావు. ఆ జవాబు గురించి నీకొక సంగతి చెప్పాలి, అది చెప్పడానికే ఈ ఉత్తరం. కానీ మేకు కొట్టబోయే ముందు నేను చెక్కని నాలుగుసార్లు తడిమి చూస్తానని నీకు తెలుసుగా. ముందు నిన్న మా దగ్గర ఏం జరిగిందో చెప్పనీ.

ప్రతి ఏడూ జాతీయ దినానికి మన మందిరం ఆవరణలో జెండా ఎగరేస్తాం కదా. ఈసారి శనివారం పడేసరికి సంఘం రెండుగా చీలింది. ఆదివారానికి మారుద్దామని కొందరు, అసలు మానేద్దామని కొందరు. నాకు ఒళ్ళు మండింది. "దేశం పుట్టినరోజుకి వాయిదా ఏమిటయ్యా? ఊరంతా శనివారం పని చేసుకుంటుంటే మనల్ని మన మానాన ప్రార్థన చేసుకోనిచ్చిన దేశం ఇది. దాని పండగ మనమే ఎగ్గొడతామా? కర్ర పాతడం, జెండా కట్టడం, కుర్చీలు వెయ్యడం, పనంతా శుక్రవారం పొద్దు గూకి విశ్రాంతి దినం మొదలయ్యేలోపే ముగిద్దాం. శనివారం తాడు లాగడం, పాడటం, ప్రార్థించడం, అంతే" అన్నాను. సంఘ పెద్దని కాబట్టి అందరూ ఊరుకున్నారు గానీ, మన రొట్టెల కొట్టు మామయ్య ఊరుకుంటాడా?

"బావా, తాడు లాగడం పని కాదా?" అన్నాడు.

"మందిరం తలుపు లాక్కుని లోపలికి రావడం లేదూ? ఇదీ అంతే."

"అయితే పిండి పిసకడం కూడా..."

"నువ్వు కూర్చోరా బాబూ" అన్నాను. పాస్టరు గారు పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వారు.

కర్ర నేనే చేశాను. పద్దెనిమిది అడుగులు, ఒక్క కణుపు లేదు. నాలుగు రోజులు చిత్రిక పట్టాను. చెయ్యి పెడితే జారిపోవాలి, అంత నున్నగా తేలింది. దారినపోయేవాళ్ళు ఆగి చూస్తుంటే, నేను చూడనట్టు నటిస్తూ చెవులు అటే పెట్టాను. చిక్కంతా జెండాతో వచ్చింది. టైలరమ్మ దాన్ని శుక్రవారం సాయంత్రం దాకా తేలేదు. గోడ మీద మన సూర్యాస్తమయాల పట్టికలో ఆరూ పద్నాలుగు అని ఉంది. ఆవిడ పరుగెత్తుకొచ్చేసరికి ఆరైంది. పద్నాలుగు నిమిషాల్లో జెండా మడిచి, మూటలా చుట్టి, పైనున్న కప్పీ దాకా ఎక్కించాలి. మూటకి వెయ్యాల్సింది జారుముడి. కింద నుంచి ఒక్క లాగు లాగితే విచ్చుకోవాలి. ఒక కన్ను గడియారం మీద, ఒక కన్ను పొద్దు మీద పెట్టి కట్టాను. ఆరూ పన్నెండుకల్లా జెండా పైకెక్కింది. రెండు నిమిషాలు మిగిల్చానని మీ అమ్మ దగ్గర గొప్పలు కూడా పోయాను.

శనివారం పొద్దున ఆవరణ కిక్కిరిసింది. ఎన్నడూ మన గడప తొక్కని ఇరుగుపొరుగు కూడా వచ్చారు. మన సందు చివర పాత జవాను తాత లేడూ, ఆయన్ని తాడు లాగమన్నాం. కోటు బొత్తాలు పట్టకపోయినా బిగించుకుని మరీ వచ్చాడు. పిల్లలంతా తలలెత్తి నిలబడ్డారు. తాత లాగాడు. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగాడు. ఊహూఁ. మూడోసారి లాగితే మూట వెళ్ళి కప్పీలో ఇరుక్కుంది, ఇక పైకీ పోదు, కిందికీ రాదు.

అప్పుడు అర్థమైంది నాకు. ముప్పై ఏళ్ళుగా బండి మీద పలకలకి నేను వేసే ముడి ఉందే, లాగినకొద్దీ బిగుసుకుంటుందే, అది వేసేశాను! తొందరలో చెయ్యి తనకి అలవాటైనదే వేసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

"బావా, జెండా ఎగరేద్దామనుకున్నావా, బండి మీద వేసి సంతకి తోలుదామనుకున్నావా?" అన్నాడు రొట్టెల మామయ్య. అందరూ గొల్లున నవ్వారు. తాత మాత్రం నవ్వలేదు. తాడు వదలకుండా అలాగే నిలబడ్డాడు.

పాస్టరు గారు దగ్గరికొచ్చి, "నిచ్చెన తెప్పిద్దామా పెద్దయ్యా?" అన్నారు మెల్లిగా.

నిచ్చెన వర్క్‌షాప్‌లో ఉంది. వర్క్‌షాప్‌కి తాళం. ముప్పై ఒక్క ఏళ్ళలో శనివారం నాడు ఆ తాళం తీసింది లేదు. శవపేటిక కావాలని ఏడుస్తూ వచ్చినవాళ్ళని కూడా పొద్దు గూకేదాకా ఆగమన్నవాణ్ణి. "వద్దు. సాయంత్రం విప్పుదాం. అప్పటిదాకా పాటలు పాడుకుందాం" అన్నాను. జనం గుసగుసలాడుకున్నారు. నేను కదల్లేదు.

అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి మీ అమ్మ లేచి వచ్చింది. ఎప్పుడైనా నలుగురిలో నాకు ఎదురు మాట్లాడిందా? నిన్న మాట్లాడింది.

"సాయంత్రం దాకా ఆగమంటారా? మన పిల్ల ఆగిందా?" అంది.

"ఏ పిల్ల? ఎక్కడ ఆగలేదు?"

"మన పెద్దదేనండీ. ఏడు నెలల కిందట దాని ఊళ్ళో ఇల్లు అంటుకుంటే మూడో అంతస్తుకి నిచ్చెనెక్కి తల్లినీ బిడ్డనీ దింపింది. ఆరోజు శనివారమే. పొద్దు గూకాక వస్తాను, అందాకా పొగ మింగుతూ ఉండండి అని చెప్పలేదు. అందుకే దానికి పతకం ఇస్తున్నారు. ఈ గంటలోనే, ఇప్పుడే, అక్కడ నిలబడి ఉంది."

నాకు మంటల సంగతి తెలీదు. పతకం సంగతీ తెలీదు. నీ ఉత్తరమే అప్పటికి నేను చూడలేదు తల్లీ. నేనేమంటానో తెలిసి మీ అమ్మ దాన్ని చీరల అడుగున దాచింది, నిన్న రాత్రి గానీ బయటికి తియ్యలేదు. "వెళ్ళమన్నారు" అన్న మాట నాది కాదు. అదీ నేను చెప్పాల్సిన సంగతి.

అందరి ముందూ అరిచేశాను. "నేను అనని మాట అన్నానని ఎలా రాశావ్?" అన్నాను.

"ఇన్నేళ్ళు మీ నోటికి అన్నం పెట్టినదాన్ని. ఒక్కసారి మాట పెడితే తప్పొచ్చిందా?" అంది. తల దించలేదు.

నేను జేబులో చెయ్యి పెట్టి తాళం చెవి తీశాను. వెళ్ళి తాళం తీసి, నిచ్చెన భుజాన వేసుకుని నేనే తెచ్చాను. మామయ్య పట్టుకోబోతే వద్దన్నాను. ఎక్కాను. పదో మెట్టు దగ్గర మోకాలు కలుక్కుమంది, నిచ్చెన ఊగింది, నాకు తెలిసిన ప్రార్థనలన్నీ ఒకేసారి నోట్లోకొచ్చాయి. పట్టపగలు, పొగ లేదు, మంట లేదు, కింద నలుగురు నిచ్చెన పట్టుకున్నారు, అయినా కర్రని కౌగిలించుకున్నాను. మనిషిని భుజాన వేసుకుని అంతకు రెండింతల ఎత్తు నుంచి ఎలా దిగావే? ఆ ముడి గోళ్ళకి లొంగకపోతే పళ్ళతో విప్పాను. జెండా ఒక్కసారిగా విచ్చుకుని నా మొహానికే కొట్టింది. కింద పిల్లలు ఈలలు. తాత సెల్యూట్ చేశాడు. జాతీయగీతం ఎత్తుకుంటే ఇరుగుపొరుగువాళ్ళు కూడా గొంతు కలిపారు. నేను దిగకుండా నిచ్చెన మీదే ఉండి పాడాను. నా ఛాతీ చొక్కాలో పట్టలేదంటే నమ్ము. జెండాని చూసి కొంత, నిన్ను తలుచుకుని మిగతా అంతా.

పొద్దు గూకి విశ్రాంతి దినం ముగియగానే టీవీ మీద కప్పిన గుడ్డ తీశాం. వార్తల్లో నువ్వు నాలుగు క్షణాలు కనపడ్డావు. తమ్ముడు ఐదంటాడు. టోపీ నీకు కాస్త వదులైంది, ఎవరికైనా ఇచ్చి కుట్టించుకో. మీ అమ్మ టీవీకి దిష్టి తీసినంత పని చేసింది. రొట్టెల మామయ్య వీధి వీధంతా చెప్పి వచ్చాడు. ఇందాక ముక్కాలి పీటకి కాలు వేయించుకోవడానికి ఒకాయన వస్తే, పీట పక్కన పెట్టి నీ సంగతే అరగంట చెప్పాను. పాపం, పీట మరిచిపోయి వెళ్ళిపోయాడు.

ఇక ఇంకొకటుంది. ఇది రాయడానికే చెయ్యి రావడం లేదు.

మందిరంలో ప్రతి శనివారం ప్రార్థనల కాగితం చదివేది నేనే కదా. మొదట జబ్బుపడ్డవాళ్ళు, తర్వాత ప్రయాణాల్లో ఉన్నవాళ్ళు, చివర తప్పిపోయిన గొర్రెలు. నువ్వు శనివారాలు కూడా డ్యూటీ ఉండే ఉద్యోగంలో చేరిన వారమే, నిన్ను ఆ చివరి వరసలో రాశాను. రెండేళ్ళు, వారం తప్పకుండా, "నా పెద్ద కూతురు" అని అందరి ముందూ చదివాను. మీ అమ్మ ప్రతిసారీ తల వంచుకుని వింది. ఆ తల్లీబిడ్డల్ని నువ్వు దింపిన శనివారం కూడా చదివే ఉంటాను. నువ్వు పొగలో ఉన్నావు, నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని నువ్వు దారి తప్పావని దేవుడికి చెప్తున్నాను.

నిన్న జెండా అయ్యాక ఆ కాగితం చేతిలోకి తీసుకున్నాను. నీ వరస దగ్గరికి వచ్చేసరికి కాగితం దించేశాను. విశ్రాంతి దినాన కలం పట్టం కాబట్టి కొట్టెయ్యలేకపోయాను. "ఇక్కడ నా కూతుర్ని రాయడం నా తప్పు. తప్పిపోయింది నేను. నాకోసం ప్రార్థించండి" అని కూర్చున్నాను. అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నది మీ అమ్మే. ఈరోజు తలుపు తీసి నేను చేసిన మొదటి పని, ఆ కాగితం చింపి కొత్తది రాయడం.

నన్ను క్షమించమ్మా. "పోనిద్దురూ, నేను రాసిన అబద్ధం ఎలాగూ నిజమైపోయిందిగా, ఇప్పుడెందుకు చెప్పడం" అంటుంది మీ అమ్మ. నాకు అలా మనసొప్పలేదు. నువ్వు నన్ను అడిగినప్పుడే ఆ ఉత్తరం నా చేతికొచ్చి ఉంటే, నేను నిజంగా వద్దనేవాణ్ణి. నువ్వు నిజంగా మానేసేదానివి. నా మీద అంత గౌరవం ఉంచుకున్న పిల్లకి అరువు మాటతో సరిపెట్టడం న్యాయం కాదు. ఈ ఉత్తరం చివర ఒక ముక్క రాయవే అంటే, మీ అమ్మ "ఈసారి మీ మాట మీరే రాసుకోండి" అని లోపలికి వెళ్ళిపోయింది. తలుపు చాటున నిలబడే ఉందని నాకు తెలుసు.

నువ్వడిగిన నాలుగో ప్రశ్నకి నా జవాబు ఇది. ఆలస్యంగా వస్తోంది గానీ నాది. గంట మోగినప్పుడు అది ఏ వారమో చూసుకోకు. నేనేమనుకుంటానో అనుకోకు. వెళ్ళు తల్లీ.

ఇట్లు,
నీ కోసం కొత్త కాగితంలో మొదటి వరస ఉంచిన
మీ నాన్న