అడుగు తగలని నీళ్లు

తాడేపల్లిగూడెం

బాబాయిగారూ,

ట్రయాథ్లాన్ పోటీ నుంచి పేరు తీసేసుకున్నానండీ. సైకిలు, పరుగు ఎలాగోలా వచ్చాయి. ఈత దగ్గరే ఆగిపోయాను.

గణపవరంలో మీ చేపల చెరువులో మూడు నెలలు ఈదాను కదా. అలసినప్పుడల్లా అడుగున కాళ్లు ఆనించి నిలబడేదాన్ని. ఈత వచ్చేసిందనే అనుకున్నాను. నిన్న ఏలూరులో స్విమ్మింగ్ పూల్ లోతు వైపు వెళ్లి, అలవాటు కొద్దీ కాళ్లు దించితే అడుగు తగల్లేదు. ఎవరో జుట్టు పట్టుకుని పైకి లాగారు.

నలభై ఆరేళ్లలో నా కోసమని నేను మొదలుపెట్టింది ఇదొక్కటేనండీ. మీ అల్లుడుగారు కోప్పడలేదు. "అయితే రేపట్నించి పొద్దున్నే కొట్టు తీస్తావుగా" అన్నారు, అంతే.

మీరు మేత సంచులు కట్టే గెడకి నా ఈత కళ్లద్దాలు తగిలించి వచ్చాను. వాటిని తీసి పారేయమని రాయడానికే కూర్చున్నాను. ఆ ఒక్క మాటా రాయలేకపోతున్నాను.

మీ అమ్మాయి