మత్తడి దారి నీకే

వదినా,

చిన్నోనికి పాలు కాగబెట్టి మూత పెట్టిన. జర గోరువెచ్చగ చేసి తాపు. అన్న బాక్సుల కూర పెట్టిన, రొట్టెలు మాత్రం నువ్వే చెయ్యాలె.

ఇయ్యాల చెరువుకాడ ఉరికే వంతు నీదే. నాకు ఎరుకే. ఒకరం ఉరికితే ఒకరం పిల్లగాని కాడ ఉండాలె అనుకున్నం గద. రాత్రంత వాడు ఏడ్చిండు, నువ్వు కన్ను మూయలే, అందుకే లేపలేదని రాద్దామనుకున్న. గది సగం అబద్ధం. సప్పుడైతే నువ్వు లేస్తవేమోనని బూట్లు చంకల పెట్టుకొని ఈ చీటీ రాస్తున్న.

అసలు ముచ్చట వేరే. చెరువు నిండి, ఎక్కువైన నీళ్లు మత్తడి మీదికెళ్లి దుంకుతున్నయని నిన్న పాలు పోసే యాదమ్మ చెప్పింది. నీకు చెప్పలే. పెండ్లై వచ్చినప్పటి సంది "మత్తడి దుంకేటప్పుడు నన్నొక్కసారి తోల్కపోవే" అంటనే ఉన్నవు. నీకంటే ముందుగాల నేనే చూడాలని బుద్ధి పుట్టింది.

రాస్తుంటే సిగ్గైతుంది. గందుకే కట్ట మీదికి పోను. ఆ తామరపూలు, ఆ కొంగలు, ఆ నీళ్లు అన్నీ రేపు నువ్వే ముందుగాల చూడు. ఎల్లుండి వంతు కూడ నీదే. నేను పాపన్నపేట రోడ్డు మీద, లారీలు చిమ్మే బురదల ఉరికొస్త.

హారిక

ఇంకోటి. మత్తడి సప్పుడు రోడ్డు దాక ఇనబడుతదట. చెవులు మూసుకొని ఉరకలేను గద వదినా.