మామ్మతో పరీక్షకి

బుధవారం, రాత్రి

నిన్న సాయంత్రం మా పెద్దమ్మాయి హర్షిత పెద్దమనిషి అయ్యింది. నేనే కంగారుపడ్డాను. అది మాత్రం, "సైన్సు టీచరుగారు అన్నీ చెప్పేరమ్మా, ప్యాడ్ పెట్టుకోవడం తెలుసు" అంది. ఆ వయసులో నేనైతే ఏదో జబ్బనుకుని కొబ్బరితోటలో దాక్కుని ఏడ్చాను.

పొద్దున్నే అత్తగారు మూలన తాటాకు చాప వేసి, నువ్వుల చిమ్మిలి పెట్టారు. హర్షిత తింటూనే, "చిమ్మిలి ఎన్ని రోజులైనా తింటాను మామ్మా. కూర్చోవడం మాత్రం కుదరదు, ఇవాళ లెక్కల పరీక్ష ఉంది" అంది. అత్తగారు ఏమంటారోనని భయపడ్డాను.

ఆవిడ, "నన్ను పదకొండు రోజులు కూర్చోబెట్టేరే. లేచాక బడి మాన్పించేసేరు" అన్నారు. తర్వాత చెప్పులేసుకుని, "పద, నీరసంగా ఉంటావు. సంచీ నేను పట్టుకుంటాను" అంటూ దాని చెయ్యి పట్టుకుని అమలాపురం ఆటో ఎక్కారు.

పరీక్ష అయ్యేదాకా బడి గేటు దగ్గరే కూర్చున్నారట. ఇద్దరూ నవ్వుకుంటూ తిరిగొచ్చారు. ఎవరిని చూసి ఎక్కువ గర్వపడాలో నాకు తెలియలేదు.

చిన్నదానికి తొమ్మిదేళ్ళు. దానికైనా ఈ సంగతులు అందరికంటే ముందు నేనే చెప్పాలి. రేపు జడ వేసేటప్పుడు మొదలుపెడతాను. మొదటి మాట ఏమనాలో…